పండమేరు వెంట, గాలికి ఎదురు

కనగానపల్లి చెరువు కింద పండమేరును చూసి ఏరని ఎవరూ అనరు. ఇసుక, కంపచెట్లు, నడుమ మేకల దారి. అక్కణ్నుంచి రాప్తాడు మీదుగా ఉత్తరానికి సాగి అనంతపురం అంచుకు చేరాక దానికి చరిత్ర తగులుకుంటుంది. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు దీనికే అడ్డకట్ట వేయించి చెరువు నింపాడు. ఆ కట్ట తెగబోయినప్పుడు ఊరి కోసం ప్రాణమిచ్చిందని చెప్పుకొనే ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి ‘ముసలమ్మ మరణము’గా రాశాడు. కరువు సీమలో పుట్టిన కథ వరద కథ కావడం గుర్తుంచుకోవలసిన సంగతి.

బుక్కరాయసముద్రం దాటాక ఏటి నీళ్లు శింగనమల చెరువుకు నడుస్తాయి. ఊళ్లో దాన్ని శ్రీరంగరాయల చెరువంటారు. నా స్నేహితుడు అక్కడ శెనక్కాయ రైతు. ఆషాఢంలో పోయాను. ఇత్తనం వేసి ఆకాశం చూస్తున్నాడు.

“ఊరికే కూచోని ఏం జేస్తాం, కొండెక్కుదాం పా” అన్నాడు.

ఈ మండలంలో కొండెక్కడమంటే గంపమల్లయ్య స్వామికి మొక్కు తీర్చుకోవడం. మొక్కు లేకుండా ఎక్కేవాళ్లను చూసి నవ్వుతారు. మేమెక్కింది ఊరి దగ్గరి కొండే, దేవుడు లేనిది. సగం దాకా బోదకసువు, ఆపైన గుండ్లు. గుండు చాటున నిలబడితే మాట వినిపిస్తుంది, ఒక్క అడుగు పక్కకు వేస్తే గాలికి నోట్లో మాట నోట్లోనే పోతుంది. వాడు తువ్వాలు తలకు బిగించి ముందు నడిచాడు. నేను వంగి, చేతులు కూడా నేలకానించి, వెనకే. పైన నిలబడటం కుదరలేదు, కూర్చున్నాం.

మోడాలు పడమటి నుంచి తూర్పుకు పరుగులు తీస్తున్నాయి.

“పొద్దన్నుంచీ పోతానే ఉండాయి రా. ఒక్కటన్నా నిలబడ్ల్యా.”

గాలిమరలే మోడాలను తరిమేస్తున్నాయని ఊళ్లో అంటారట. మరల తప్పేం లేదు. అరేబియా సముద్రం మీది నైరుతి గాలి పడమటి కనుమలెక్కి, తడంతా అక్కడే దించుకొని, ఒట్టి జోరు మాత్రం మన దాకా తెస్తుంది. మరలు తిరిగేదీ, చేను ఎండేదీ ఆ ఒక్క గాలికే. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చిల్లర మన వాన, అందులోనూ నమ్ముకోదగ్గది సెప్టెంబరు, అక్టోబరుల్లోదే.

మేమెక్కినట్టు ఊరికే కొండలెక్కడం స్కాట్లాండులో ఒక సరదా. అక్కడా వీచేది ఎక్కువగా నైరుతి గాలే. కానీ అట్లాంటిక్ నుంచి వచ్చే ఆ గాలికి మొదట తగిలేవి వాళ్ల కొండలు. 1345 మీటర్ల బెన్ నెవిస్ శిఖరం మీద ఏడాదికి 4000 మిల్లీమీటర్లు దాటి కురుస్తుంది. అక్కడ 3000 అడుగులు దాటిన శిఖరాలను ‘మన్రో’లంటారు. 1891లో వాటి జాబితా ప్రకటించిన హ్యూ మన్రో పేరది. మన మన్రో వేరు. గ్లాస్గోలో పుట్టి, 1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు కలెక్టరుగా అనంతపురంలో ఉన్న థామస్ మన్రో. సీమలో పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నది ఈయన మీది గౌరవంతోనే.

ఇదంతా చెబితే మావాడు, “అయితే ఆ దొరను మళ్లీ రమ్మను, వానను ఎంటబెట్టుకోని” అన్నాడు.

కొండ మీంచి చూస్తే చెరువు అడుగున పగుళ్లు. దానికెగువన ఏటి జాడ కంపచెట్ల వరుసగా మాత్రమే తెలుస్తుంది. ఈ జాడను చూసే జనం మోసపోతారు. ఏళ్లతరబడి నీళ్లు రాకపోతే వంక ఖాళీ జాగా అయిపోతుంది, ఖాళీ జాగా ప్లాటవుతుంది. 2024 అక్టోబరులో కనగానపల్లి చెరువు తెగి, ఒక్క రాత్రిలో పండమేరు తన దారి తాను వెతుక్కుంది. అనంతపురం అంచున కాలనీలు మునిగాయి. ఇళ్లు కట్టుకున్నవాళ్లు పేదలు. వాళ్లను తప్పుపట్టి లాభం లేదు, ఆ జాగా అమ్మినవాళ్లనూ చూపినవాళ్లనూ అడగాలి.

అనంతపురం చుట్టుపక్కల జాగా కొనేవాళ్లకు ఒక్క మాట. అడ్వాన్సు ఇచ్చేముందు ఊరి రెవెన్యూ పటం తెప్పించి, వంక పోరంబోకు ఎటు పోతుందో వేలు పెట్టి చూసుకోండి.