సిగరెట్ మానేశానండీ!

మా అత్తిలి వైపు షుగరు పెరిగిందంటే ముందు నింద పడేది అన్నం మీదే. ఆ తర్వాత సంక్రాంతి అరిసెలు, మామిడిపళ్లు. పొగాకు పేరు ఎవరూ ఎత్తరు. లంక పొగాకు పండే గోదావరి పక్కనే ఉంటూ కూడా, చుట్టకీ సిగరెట్‌కీ దగ్గుతోనో క్యాన్సర్‌తోనో చుట్టరికం కలుపుతారు గానీ షుగరుతో కలపరు.

కొల్లేరు వైపు నుంచి ఓ రొయ్యల రైతు వైద్యానికి నా దగ్గరకి వస్తాడు. నలభై దాటాయి. రాత్రిళ్లు కరెంటు పోతే ఏరియేటర్లు ఆగిపోతాయి, ఆక్సిజన్ అందక తెల్లారేసరికి రొయ్య పైకి తేలిపోతుంది. అందుకని చెరువు గట్టు మీదే కాపలా. ఆ నిద్రలేమికి తోడు రోజుకో పెట్టె సిగరెట్లు. షుగరు బయటపడ్డాక గట్టిగా చెబితే మానేశాడు. కానీ మందులు మింగుతున్నా, రాత్రిపూట అన్నం బదులు పుల్కాలు తింటున్నా మూడు నెలల షుగరు సరాసరి (హెచ్‌బీఏ1సీ) మాత్రం 9 కిందికి దిగలేదు.

ఒకరోజు బీపీ చూద్దామని చొక్కా చెయ్యి మడుస్తుంటే జేబులోంచి పెన్నులాంటిది బల్ల మీద పడింది. గదంతా మామిడి వాసన.

"ఏంటయ్యా ఇది?"

"వేప్ అండి. మా బావమరిది హైదరాబాద్ నుంచి తెచ్చిచ్చాడు. పొగ కాదండి, ఆవిరే. సిగరెట్ ముట్టుకుంటే ఒట్టండి."

నిజమే చెప్పాడు. అతను మానింది పొగని, నికోటిన్‌ని కాదు. "సిగరెట్ అయితే అయిపోద్దండి, ఇది అవదు" అని కూడా తనే అన్నాడు. రాత్రంతా గట్టు మీద కూర్చుని పీలుస్తూనే ఉంటాడట.

నికోటిన్ ఒంట్లోకి వెళ్లగానే అడ్రినలిన్ ఊరుతుంది. కాలేయం దాచుకున్న గ్లూకోజుని రక్తంలోకి వదిలేస్తుంది. కొవ్వు కరిగి ఫ్యాటీ ఆసిడ్లుగా రక్తంలో చేరితే కండరాలు ఇన్సులిన్ మాట వినడం మానేస్తాయి. ఇందులో పొగకి పనేమీ లేదు. స్వీడన్‌లో పరిశోధకులు నికోటిన్‌ని సరాసరి నరంలోకే ఎక్కించి చూశారు. ఆరోగ్యవంతుల్లో తేడా కనబడలేదు గానీ, టైప్ 2 షుగరున్నవాళ్లలో ఇన్సులిన్ పనితనం ఇంకా తగ్గింది. మా రైతుది ఆ రెండో జాబితా.

సిగరెట్ సంగతి ఎప్పుడో తేలిపోయింది. తాగేవాళ్లకి షుగరు వచ్చే అవకాశం 30 నుంచి 40 శాతం ఎక్కువని అమెరికా సర్జన్ జనరల్ నివేదిక 2014లోనే చెప్పింది. వేప్ లెక్కలింకా లేతగానే ఉన్నాయి. అమెరికాలో ఆరు లక్షల మందికి పైగా జనం వివరాలతో 2022లో వచ్చిన అధ్యయనంలో, వేప్ పీల్చేవాళ్లలో షుగరుకి ముందు దశ ఎక్కువగా కనబడింది. అయితే అది ఒక్కసారి అడిగి రాసుకున్న సర్వే. ఏది ముందో, ఏది వెనకో అది చెప్పలేదు. వేప్‌లో తారు ఉండదు కదా అనేవాళ్లతో నేను వాదించను. షుగరు రోగికి మాత్రం ఆ మాట పనికిరాదు.

మన దేశంలో 2019 నుంచీ ఈ-సిగరెట్ తయారీ, దిగుమతి, అమ్మకం, ప్రకటనలు, ఆఖరికి నిల్వ కూడా నేరం. అయినా మా పల్లెల దాకా వస్తోంది.

ఈమధ్య ఇంట్లోంచే పనిచేసే ఓ సాఫ్ట్‌వేర్ కుర్రాడిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. పాతికేళ్లు నిండలేదు. నడుం 96 సెంటీమీటర్లు, పరగడుపు షుగరు 116, అంటే షుగరుకి ముందు దశే. సిగరెట్ తాగుతావా అంటే "లేదంకుల్" అన్నాడు, రైతు మాటలాగే అదీ నిజమే. ఇలాంటివాళ్లని వేప్, ఖైనీ, గుట్కా అని పేరుపేరునా అడగాలి. అడిగేముందు అమ్మని బయట కూర్చోబెట్టాలి.

రైతుకి నికోటిన్ గమ్ రాసి, వారాల మీద తగ్గించుకుంటూ వచ్చాను. "ఇందులోనూ నికోటినే కదండి?" అన్నాడు, తెలివైనవాడు. అదేగానీ, దీన్ని ఎప్పుడు ఆపాలో చీటీ మీద రాసి ఉందన్నాను. పూర్తిగా మానాక ఆకలి పెరిగి నాలుగు కిలోలు లావయ్యాడు, షుగరు కూడా కాస్త ఎక్కింది. "పోనీ మళ్లీ పీల్చుకోమనండి డాక్టరుగారూ, అప్పుడే సన్నంగా ఉన్నాడు" అంది వాళ్లావిడ. మానిన కొత్తలో ఇది మామూలేనమ్మా అని నచ్చజెప్పి, మాత్ర డోసు పెంచి, గట్టు మీద కూర్చోకుండా చెరువు చుట్టూ తిరగమన్నాను. మొన్న సరాసరి 7.4 వచ్చింది. బావమరిదినీ ఓసారి తీసుకురమ్మన్నాను. ఆయనింకా రాలేదు.