బాబాయి పట్టీలు, తమ్ముడి కారు

మా బాబాయి సిరుగుప్పలో వెల్డింగ్ షాపు పెట్టి ముప్పై ఏళ్లు దాటింది. ట్రాక్టర్ ట్రైలర్లు, రైస్ మిల్లు ఎలివేటర్లు, హార్వెస్టర్ విరిగితే దాని భాగాలు, ఆఖరికి గుడి హుండీ కూడా ఆయన చేతి మీదుగానే పోయాయి. 1953లో తుంగభద్ర డ్యాము నీళ్లు వదిలిన తర్వాత కృష్ణా జిల్లా నుంచి వచ్చి క్యాంపు కట్టుకున్న కుటుంబం మాది. అప్పట్లో ఇక్కడ నాగలి కర్రు విరిగినా బాగుచేసుకోవడం ఎవరికి వాళ్లే నేర్చుకోవాలిట. ఆ అలవాటు ఇంకా పోలేదు. కొనడం అంటే మావాళ్లకి కొంచెం చిన్నతనం, చేసుకోవడం అంటే గొప్ప.

ఆయన కొడుకు, అంటే మా తమ్ముడు, అమెరికాలో ఆస్టిన్‌లో ఉంటాడు. పోయినేడు పాత మాజ్దా మియాటా కొన్నాడు. 1989లో షికాగో ఆటో షోలో మొదటిసారి చూపించిన ఆ రెండు సీట్ల, పైకప్పు తీసే స్పోర్ట్స్ కారే. బరువు టన్ను అటూఇటూ, చిన్న బొమ్మలాగ ఉంటుంది. మావాడేమో ఆరడుగుల రెండంగుళాలు. కూర్చుంటే తల రోల్ బార్ కన్నా పైకే తేలుతోంది. కారు బోల్తా పడితే నేలకి ముందు తగలాల్సింది ఆ ఇనుప కమ్మీ, వీడి బుర్ర కాదు. అక్కడ దొరికే సీటు మౌంట్ల ధర విని బాబాయి, "నాలుగు ఇనుప ముక్కలకి అంతా? నేను చేసి పంపిస్తా, కొలతలు చెప్పమను" అన్నారు.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. చదివింది కన్నడ మీడియంలో, తెలుగు రాయడం అమ్మ దగ్గర నేర్చుకున్నాను, కాబట్టి తప్పులుంటే సర్దుకోండి. నా ఉద్యోగం ఒకళ్లు చేసింది ఎక్కడ విరుగుతుందో వెతకడం. ఇంట్లో ఈ పని చేస్తే ఎవరికీ నచ్చదు. అయినా "పంపే ముందు ఒకటి విరగ్గొట్టి చూద్దాం బాబాయ్" అన్నాను.

"నా వెల్డింగ్ మీద నమ్మకం లేదా నీకు? వాడు నా కొడుకురా."

కొడుకు కాబట్టే అన్నాను. పైకి మాత్రం అనలేదు.

చాలామంది అనుకోనిది ఏంటంటే, సీటు మౌంటు మోసేది మనిషి బరువు మాత్రమే కాదు. తమ్ముడి కారులో బెల్టు బకిల్ సీటుకే బిగించి ఉంది. గుద్దినప్పుడు బెల్టు లాగే లాగుడు బకిల్ లోంచి సీటుకి, సీటులోంచి మౌంటుకి, అక్కడినుంచి ఫ్లోరుకి పోవాలి. గంటకి 54 కిలోమీటర్లంటే సెకనుకి 15 మీటర్లు. ఆ వేగంలో ఉన్న మనిషి ముప్పావు మీటరులో ఆగిపోవాలంటే తన బరువుకి 15 రెట్ల బలం కావాలి. 80 కిలోల మావాడికి అది 1,200 కిలోలు, అదీ సగటు లెక్క. అమెరికా నిబంధనలు ఇంకా గట్టివి. సీటు తన బరువుకి 20 రెట్లు తట్టుకోవాలి. బకిల్ సీటుకే ఉంటే, అదే సమయంలో నడుం బెల్టునీ భుజం బెల్టునీ చెరో 3,000 పౌండ్లతో లాగి చూస్తారు. అందులో బకిల్ వైపు సుమారు సగం వస్తుందనుకుని, 15 కిలోల సీటు వాటా కలిపితే 1,650 కిలోలు దాటింది. 1,800 పెట్టుకున్నాం.

బాబాయి మొదట చేసింది చూడ్డానికి ముచ్చటగానే ఉంది. 5 మిల్లీమీటర్ల పట్టీని మూడు ముక్కలుగా కోసి, మెట్టులాగా అతికి, గ్రైండ్ చేసి, నల్ల రంగు వేశారు. షాపులో గోడ దూలానికి ఒక కొస బిగించి, రెండో కొసకి చైన్ పుల్లీ తగిలించాం. మధ్యలో రైస్ మిల్లు నుంచి తెచ్చిన వేలాడే డిజిటల్ తూకం. చైను మీద తడి గోనెసంచులు కప్పి అందరం పక్క గదిలోకి వెళ్లాం, తెగితే కొరడాలాగ కొడుతుంది కదా. బాబాయి చైను లాగుతుంటే నేను కిటికీలోంచి అంకెలు చదివాను. 500. 700. 900 దగ్గర టప్పుమని ఒక శబ్దం. అతుకు అంచున, వెల్డు పక్కనే, పట్టీ చీరుకుపోయి ఉంది.

బాబాయి ఏమీ అనలేదు. ముక్క చేతిలో తిప్పి తిప్పి చూసి జేబులో వేసుకుని భోజనానికి వెళ్లిపోయారు. రెండు రోజులు నాతో పొడిపొడిగా మాట్లాడారు. పిన్ని కూడా "ఎందుకురా ఆయన్ని బాధపెడతావు" అంది.

వెల్డింగ్ చెడ్డది కాదు, ఆకారం చెడ్డది. మెట్టులా వంగిన పట్టీలో పై కాలూ కింది కాలూ ఒకే గీత మీద ఉండవు. లాగినప్పుడు అది తిన్నగా అవ్వాలని చూస్తుంది, ఆ వంపంతా సరిగ్గా మూలలో ఉన్న అతుకు మీద పడుతుంది. ట్రైలర్‌కి అక్కడ ఇంకో ముక్క వేస్తే సరిపోతుంది. సీటు కింద ఆ చోటు లేదు.

ఈలోపు తమ్ముడికి ఒక పని చెప్పాను. ముందు సీటు కవరు విప్పి కింది ఫోము కొంచెం కోసి చూడమన్నాను. దాంతోనే రెండు వేళ్లు దిగాడు. ఇక ఒక్క వేలు చాలు. దించేది తగ్గితే మెట్టు తగ్గుతుంది, వంపూ తగ్గుతుంది. ఖర్చు లేని ఈ పని ఎవరూ ముందు చెయ్యరు, ఇనుముకున్న ఆకర్షణ అలాంటిది.

మూడో రోజు బాబాయే పిలిచారు. ఈసారి అతుకు లేదు. 6 మిల్లీమీటర్ల పలక, బళ్లారిలో ప్రెస్సు మీద నెమ్మదిగా గుండ్రంగా వంచి తెచ్చారు. కన్నాలు గ్యాసుతో కాల్చకుండా డ్రిల్లు వేసి, అంచుకి దూరంగా పెట్టారు. బోల్టు తల మీద 10.9 అని అచ్చు ఉన్నవే కొన్నారు, గుర్తు లేనివి షాపులో డబ్బాల కొద్దీ ఉన్నా. వాషర్లు దొంతరగా పేర్చి ఎత్తు సరిచేసే అలవాటు మానేశారు, పొడుగు బోల్టు మధ్యలో వంగుతుందని నేను చెప్పకుండానే. కంపెనీ సీటు రైలుని మాత్రం ఎక్కడా ముట్టుకోలేదు. ఆ ఇనుముకి వెల్డింగ్ వేడి తగిలితే గట్టిదనం పోవచ్చు.

1,800 దాకా లాగాం. కొంచెం వంగింది, చీలలేదు.

"ఇప్పుడు పాసా?" అన్నారు.

నా పనిలో పాస్ అంటే ఇన్ని పరీక్షల్లో విరగలేదని మాత్రమే. నెమ్మదిగా లాగడం వేరు, గుద్దడం వేరు, పక్క నుంచి తగలడం వేరు. అదంతా ఆయనకి చెప్పాను. "తెలుసులేరా" అన్నారు.

లాగిన జత ఇక్కడే ఉంచి, అలాంటిదే కొత్తది పంపాం, దాంతోపాటు నేను రాసిన కాగితం కూడా. రేస్ కార్లు తయారుచేసే షాపువాళ్లకి చూపించి, వాళ్లు సరే అంటేనే బిగించు. టార్క్ రెంచితోనే బిగించు. సీటు జరిపినప్పుడు రెండు పక్కలా లాక్ పడాలి, రైలు మెలిపడితే ఒక పక్కే పడుతుంది. నడుం బెల్టు పొట్ట మీద కాదు, తుంటి ఎముకల మీద ఉండాలి. స్టీరింగ్‌కీ ఛాతీకీ మధ్య 25 సెంటీమీటర్లు ఉండాలి, ఎయిర్ బ్యాగ్ ఉంది కాబట్టి. కొత్త కార్లయితే సీటు కింద ఎయిర్ బ్యాగ్ వైర్లుంటాయి, వాటి జోలికి ఇంట్లో అసలు పోకూడదు. మన దేశంలో అయితే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒకటుంది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. అందుకే మన ఊరి కుర్రాళ్లు అడిగితే బాబాయి చెయ్యనంటున్నారు.

తమ్ముడు నెల తర్వాత వీడియో చేశాడు. ఆ షాపాయన ఒక బోల్టు పొడవు మార్పించాడట. తల ఇప్పుడు కమ్మీ కన్నా కిందికి ఉంది. బాబాయి ఫోను దగ్గరగా పెట్టుకుని, "ముఖం కాదురా, కింద చూపించు, బోల్టులు చూపించు" అంటూ పావుగంట కూర్చున్నారు.