ఎర్తు

మా నాన్నగారు వదిలిపోయిన అంబాసిడర్ కారు విషయంలో మా ఇంట్లో రెండు పార్టీలు. అమ్మెయ్యమని మా ఆవిడ, వద్దని మా అమ్మ. 2014లో ఆ కార్ల తయారీయే నిలిచిపోయింది గనుక, పాత స్టార్టరు పోగానే నల్లగొండలో దొరికిన వేరే రకం మోటారు వేయించాను. బండి చక్కగా కదిలింది. ఆ ఉత్సాహంలో ఇంజనుకు రంగు కూడా కొట్టించాను.

మర్నాడు అమ్మకు హైదరాబాదులో కంటి ఆపరేషను. తాళం తిప్పితే ‘టక్’మని ఊరుకుంది. బ్యాటరీ 12.6 వోల్టులు చూపుతోంది. మోటారు అమ్మినవాణ్ణి మనసారా తిట్టుకున్నాను.

మెకానిక్కు ఒకప్పుడు నా దగ్గర తెలుగు తప్పిన శిష్యుడే. బ్యాటరీ నెగెటివ్ నుంచి ఇంజను బోల్టుకు తిన్నగా ఒక లావు తీగ కలిపాడు. బండి గర్జించింది!

“మోటరు మంచిగనే ఉంది సార్. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూసుంటది. దాన్ని బాడీకి కలిపేది ఈ ఎర్తు పట్టీ. మీరు రంగేయించి, రంగు మీదనే బిగించిన్రు.”

సోలినాయిడు ‘టక్’మనడానికి కొద్ది కరెంటు చాలు, మోటారు తిరగాలంటే నూరు ఆంపియర్లకు పైనే కావాలట. రంగు గీకి, పట్టీ బిగించాడు.

వెనుక సీట్లోంచి అమ్మ, “మీ నాయన ఎన్నడన్న దీనికి రంగేసిండా?” అంది.

నేను మాట్లాడలేదు. ‘భూమి’కి పర్యాయపదాలు రాయలేదని ఆనాడు వాడికి సున్న వేసింది నేనే!