మంచులేని గుల్‌మార్గు

హిమాలయమనగానే మన తెలుగు ఇండ్లలో మనుచరిత్రమునందలి ప్రవరుడు స్మరణకు వచ్చును. పాదలేపము మంచునీట కరగిపోవుటచేత ఆ గృహస్థునకు ఇల్లు చేరు దారి లేకపోయెను. 2024వ సంవత్సరము సంక్రాంతి సెలవులలో మేము కాశ్మీరమునందలి గుల్‌మార్గునకు పోయినప్పుడు, లేపమును కరగించుటకు తగినంత మంచే అచట కానరాలేదు.

గుల్‌మార్గు శ్రీనగరమునకు సుమారు 50 కిలోమీటర్ల దూరమున, సముద్రమట్టమునకు దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న పచ్చికబయలు. ఏటేట డిసెంబరు 21వ తేదీ మొదలు నలువది దినములను అచటివారు చిల్లై కలాన్ అందురు, అనగా గడ్డుచలికాలము. ఆ దినములలో మోకాలిలోతు మంచు పడుట వాడుక. పాదములకు పొడవైన బద్దలు కట్టుకొని మంచువాలు వెంబడి జారుటయే స్కీ క్రీడ. దానిని నేర్వవలెనని మా పెద్దవాడు ఏడాదిగా కలలు గనుచుండెను. మేము చూచినది మాత్రము ఎండిన గడ్డి, దానిపై నిర్మలమైన ఎండ. తీగెపై నడచు గండోలాబండి ఎక్కి అఫర్వత్ కొండమీదికి పోగా, అచటను రాళ్లసందుల మంచు చారికలే కనబడెను. పిల్లవాడు అద్దెకు తెచ్చిన బద్దలను గోడకు చేరవేసి, మాటలేక కూర్చుండెను.

మంచుబండ్లు లాగువారు తమ చెక్కబండ్లను గడ్డిపై బోర్లించి, వానిమీదనే కూర్చుండి దారి చూచుచుండిరి. మేము దిగిన బసలో కొందరు యాత్రికులు, మంచు లేదు గనుక తామిచ్చిన సొమ్ము మరల నిమ్మని యజమానునితో వాదులాడిరి. ఆ ఇంటి ఇల్లాలు ఆ మాటలు వినుచునే మాకు ఉప్పు వేసిన గులాబివన్నె తేనీరు పోసి, తన కాంగ్రిని నా చేతికిచ్చెను. కాంగ్రి యనగా అల్లిన బుట్టలో అమర్చిన నిప్పుల మట్టిపాత్ర. మన కుంపటికి చెల్లెలని చెప్పవచ్చును. మావారు ఆమె నష్టమునుగూర్చి హిందీలో పరామర్శింపగా, ఆమె నావైపు చూచి, “బెహన్, అతిథులు ఈయేడు గాకున్న మరుసటియేడు వత్తురు. వేసవిలో మా తోటకు నీరెచటనుండి వచ్చును?” అనెను.

ఆ మాటతో నాకు మంచు సంగతి బోధపడినది. మన ఇంట గాదె యెట్టిదో, వారికి కొండమీది మంచు అట్టిది. చలికాలమున నిండును, వేసవిలో కొంచెము కొంచెముగా కరగి ఊటలకు, వాగులకు, జీలము నదికి నీరు కొలిచి ఇచ్చును. అదియే వానగా కురిసినచో, గాదెలేని ఇంటి ధాన్యమువలె నిలువ లేక పోవును. ఆపిలు చెట్టుకును చలికాలమున సుమారు 1,000 గంటల గట్టిచలి కావలెను. వెచ్చదనమునకు ముందుగా మేల్కొని మొగ్గ తొడిగినచో, పిదప వచ్చు చలి ఆ మొగ్గలను మాడ్చును.

మధ్యధరా సముద్రపు దిక్కునుండి పడమటి గాలులు మోసికొనివచ్చు తేమయే కాశ్మీరమున మంచగును. ఆ హేమంతమున ఆ గాలులు బలహీనపడెను. జనవరి తుదిని గాని చెప్పుకొనదగిన హిమపాతము కాలేదు. మరుసటి సంవత్సరమును, 2025 ఫిబ్రవరిలో గుల్‌మార్గున జరుగవలసిన ఖేలో ఇండియా శీతకాల క్రీడలు మంచు చాలక మార్చికి వాయిదాపడెను. బొగ్గును చమురును మండించుటచే భూమి వేడెక్కుచున్నకొలది ఇట్టి చలికాలములు తరచగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. ఆ పొగలో మన ఇండ్ల పాలును కలదు.

మేము మాట్లాడుకొన్న సొమ్ము పూర్తిగా ఇచ్చితిమి. పని లేక కూర్చున్న బండివానిని దారి చూపుటకు కుదుర్చుకొని, రెండు దినములు దేవదారువనములలో కాలినడకను తిరిగితిమి. పిల్లవాడు స్కీ నేర్వలేదు గాని, ఆ ముసలివానివలన చెట్ల పేర్లు నేర్చెను.

హిమవంతుడు గౌరీదేవికి తండ్రి. ఆ కొండ మన గౌరమ్మకు పుట్టిల్లు. పుట్టింటికి పోయిన ఆడపడుచు, ఆ ఏడు పంట పోయెనని తెలిసినచో, చీరసారెలకై పోరాడునా? తల్లిచెంత కూర్చుండి కష్టసుఖములు విచారించును. మంచు చూడబోవు సోదరీమణులు, మంచు లేనినాడును ఆ ఇంటివారిని విచారించి రావలెనని నా మనవి.