తలుపుల దారిలో కుస్తీ పాఠం

వాన వస్తుందో రాదో తెలియదు... అయినా విత్తనం వేయడం మానరు. పోయినేడు పోయిన పంటను ఈ ఏడు రాబడదామనుకుంటారు. అలాంటి నేల మీద పుట్టిన పిల్లలకు పట్టుదల గురించి కొత్తగా చెప్పాలా? అక్కర్లేదు. కాకపోతే ఆ పట్టుదలను కాలేజీ దాకా నడిపించే దారి చూపాలి. అది హైస్కూలు ఆటస్థలంలోంచే వెళ్తుందంటే నమ్ముతారా? అయితే ఒకసారి తలుపుల వైపు వెళ్లొద్దాం రండి!

ధర్మవరం నుంచి పాకాల వెళ్లే రైలుమార్గంలో కదిరి వస్తుంది. ఖాద్రీ లక్ష్మీనరసింహస్వామి కొలువైన ఊరు. అక్కడ దిగి ఉత్తరంగా, పులివెందుల వైపు సాగితే తలుపుల. నిన్నమొన్నటిదాకా అనంతపురం జిల్లా, 2022 ఏప్రిల్ 4 నుంచి శ్రీసత్యసాయి జిల్లా. దారి పొడవునా ఎర్రనేలలు, గుండ్రాళ్ల గుట్టలు, చింతచెట్లు. మంచి వానలు పడిన ఏడాది ఈ మండలంలోని బట్రేపల్లి జలపాతం చూసి తీరాల్సిందే.

అయితే ఆ మంచి వానలే అరుదు. ఉమ్మడి అనంతపురం జిల్లాలో ఏడాది సగటు వర్షపాతం 550 మిల్లీమీటర్ల పైచిలుకు మాత్రమే. అందులోనే వేరుశనగ పండాలి. కదిరి వ్యవసాయ పరిశోధన స్థానం శాస్త్రవేత్తలు ఏళ్ల తరబడి శ్రమించి కదిరి-6, కదిరి-9, కదిరి లేపాక్షి వంటి రకాలను రైతులకు అందించారు. బెట్టను తట్టుకుని నిలిచే విత్తనం ఒక్కరోజులో తయారు కాదు మరి! కదిరికి దగ్గర్లోనే, గాండ్లపెంట మండలం కటారుపల్లిలో వేమన సమాధి ఉంది. సాధన గొప్పదనం చెప్పే ఆయన పద్యం వల్లించని తెలుగు పిల్లలు ఉండరు.

పద్యం సరే, ఆ సాధన చేసే చోటేదీ? తరగతి గదిలో కొంత. మిగతాది ఆటస్థలంలో. కానీ పదో తరగతిలోకి రాగానే చాలా ఇళ్లలో వినిపించే మాట ఒక్కటే... 'ఇక ఆటలు కట్టిపెట్టు'. బడుల్లోనూ అంతే. ఆటల పీరియడు లెక్కలకో సైన్సుకో వెళ్లిపోతుంది. ఆ తర్వాత పిల్లాడు ఇంటర్‌కో డిగ్రీకో కదిరి, అనంతపురం, తిరుపతి వెళ్తాడు. ఊరు కొత్త, హాస్టలు కొత్త. అప్పటిదాకా తెలుగులో విన్న పాఠం ఇంగ్లిషులో వినాలి. మొదటి పరీక్షలో మార్కులు తగ్గుతాయి. ఓడిపోయి లేవడం అప్పటికే అలవాటైన పిల్లలు తట్టుకుంటారు. కాని వాళ్లు పెట్టె సర్దుకుని ఊరి బస్సెక్కుతారు. ఆడపిల్లయితే 'చాల్లే' అనడానికి ఇంట్లోనూ పెద్దగా ఆలోచించరు. అసలు సమస్య ఇదీ!

డ్రిల్లు మాస్టారే... కలియుగ భీముడు

బడికీ కుస్తీకీ బంధుత్వం మనకు కొత్తకాదు. తాలింఖానాలు, గోదాలు, వస్తాదులు, దండీలు, బస్కీలు... మన పెద్దలకు ఇంటి మాటలే. ఆ విద్యను హైస్కూలు గడప దాటించినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు కోడి రామమూర్తి నాయుడు. శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టి, విజయనగరంలో పెరిగారు. మద్రాసు సైదాపేట కళాశాలలో ఏడాదిపాటు వ్యాయామవిద్యలో శిక్షణ పొంది, తాను చదివిన హైస్కూలుకే వ్యాయామ ఉపాధ్యాయుడిగా తిరిగొచ్చారు. ఆ తర్వాతే సర్కస్, దేశవిదేశాల్లో ప్రదర్శనలు, 'కలియుగ భీముడు' అన్న బిరుదు. ఒంటికి చుట్టిన ఇనుపగొలుసును ఊపిరి బిగించి తెంచేవాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. అంతటివాడు జీవితం మొదలుపెట్టింది మాత్రం బడిపిల్లల చేత కసరత్తు చేయిస్తూ!

తాకట్టుకు వెళ్లిన ఇల్లు

ఇక మహారాష్ట్రకు వెళ్దాం. సతారా జిల్లా గోలేశ్వర్ అనే పల్లెటూరి కుర్రాడు ఖాశాబా జాదవ్. తండ్రి వస్తాదు. కరాడ్‌లోని తిలక్ హైస్కూల్లో చదివి, కొల్హాపూర్ రాజారామ్ కాలేజీలో చేరాడు. 1948 లండన్ ఒలింపిక్స్‌కు వెళ్లేనాటికి అతనికి అలవాటైంది మట్టి గోదాయే. పరుపులాంటి మ్యాట్ మీద, తెలియని నిబంధనలతో కుస్తీపట్టి ఆరో స్థానంలో నిలిచాడు. నిరాశపడలేదు. నాలుగేళ్లు మళ్లీ సాధన చేశాడు.

1952లో హెల్సింకీ వెళ్లడానికి డబ్బుల్లేవు. ఊరివాళ్లు తలాకొంత చందా వేశారు. అది చాలకపోతే, కాలేజీ ప్రిన్సిపాల్‌గా ఉన్న ఖర్డేకర్ తన ఇల్లు తాకట్టు పెట్టి 7,000 రూపాయలు తెచ్చిచ్చారు. జాదవ్ కాంస్యంతో తిరిగొచ్చాడు. స్వతంత్ర భారతానికి వ్యక్తిగత విభాగంలో అదే తొలి ఒలింపిక్ పతకం. వ్యక్తిగత విభాగంలో మరో పతకం కోసం దేశం 1996 దాకా ఆగాల్సి వచ్చింది. పతకం జాదవ్‌ది. దాని వెనకున్నది మాత్రం ఒక ఊరు, ఒక కాలేజీ... విద్యార్థిని నమ్మి ఇల్లు తాకట్టు పెట్టిన ఒక గురువు.

గోదా చెప్పే చదువు

కుస్తీలో మొదటి పాఠం గెలవడం కాదు, పడటం! మెడకూ నడుముకూ దెబ్బ తగలకుండా ఎలా పడాలో, పడిన వెంటనే ఎలా లేవాలో ముందు నేర్పిస్తారు. చదువులోనూ ఇంతకన్నా పనికొచ్చే మొదటి పాఠం ఏముంటుంది?

రెండోది ఒంటరితనం. జట్టు ఆటలో తప్పు పక్కవాడి మీదికి నెట్టొచ్చు. గోదాలో ఆ వీల్లేదు. పరీక్ష హాల్లోనూ అంతేగా!

మూడోది ఊపిరి. పదిహేడేళ్లలోపు వారికి అంతర్జాతీయ నిబంధనల ప్రకారం రెండేసి నిమిషాల రెండు అంకాలు. మధ్యలో 30 సెకన్ల విరామం. వినడానికి తక్కువే. పట్టులో ఉన్నవాడికి మాత్రం ఆ రెండు నిమిషాలే రెండు గంటలు. ఆ అర నిమిషంలో ఊపిరి కూడదీసుకుని మళ్లీ నిలబడాలి.

2016 రియో ఒలింపిక్స్‌నే చూడండి. కాంస్యం కోసం జరిగిన పోరులో సాక్షీ మలిక్ సగం ఆటకు 0-5తో వెనకబడింది. విరామం తర్వాత పుంజుకుని 8-5తో గెలిచింది. మనదేశంలో కుస్తీలో ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి మహిళ ఆమే. ఆడవాళ్ల కుస్తీకి ఒలింపిక్స్‌లో చోటు దొరికిందే 2004లో!

అమెరికాలోనైతే హైస్కూలు కుస్తీ పెద్ద వ్యవస్థ. అక్కడినుంచే కాలేజీ జట్లకూ, స్కాలర్‌షిప్పులకూ దారి. అయితే అక్కడి అనుభవమే ఓ హెచ్చరిక కూడా. 1997లో త్వరత్వరగా బరువు తగ్గే ప్రయత్నంలో ముగ్గురు కాలేజీ కుస్తీవీరులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఆ తర్వాత నిబంధనలు కఠినం చేశారు. కాబట్టి అమ్మానాన్నలూ గుర్తుంచుకోండి... తూకం కోసం పిల్లలు తిండీ నీళ్లూ మానేస్తుంటే అది పట్టుదల కాదు, ప్రమాదం.

మరి మన పిల్లలకు?

గోదా లేదని దిగులు అక్కర్లేదు. కుస్తీకి అన్నదమ్ముల్లాంటి ఆటలున్నాయి. సున్నంతో గీతలు గీస్తే చాలు, కబడ్డీ మైదానం సిద్ధం. చెడుగుడు తెలియని పల్లె ఉందా? 30 సెకన్లలో ఊపిరి బిగించి అవతలివాళ్ల గడ్డమీదికి వెళ్లి రావాలి. దొరికినా మళ్లీ బరిలోకి రావచ్చు. ఇక అనంతపురంలో, 1969లో విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్ పల్లె పిల్లలకు క్రికెట్, హాకీ, ఫుట్‌బాల్‌తో పాటు జూడోలోనూ శిక్షణ ఇస్తూ వచ్చింది. టెన్నిస్ వీరుడు రఫెల్ నాదల్ ఫౌండేషన్ 2010లో ఇక్కడ టెన్నిస్ బడి తెరిచింది. నాదల్ స్వయంగా వచ్చి పిల్లలతో ఆడి వెళ్లాడు కూడా.

స్కూల్ గేమ్స్‌లో అండర్-14, 17, 19 విభాగాల్లో పోటీలుంటాయి. పై స్థాయికి వెళ్లి సర్టిఫికెట్ తెచ్చుకుంటే కాలేజీ సీట్లలో క్రీడా కోటా ఉంది. కానీ కోటా కొందరికే అందుతుంది. ఓర్పు మాత్రం ఆడిన ప్రతి ఒక్కరికీ దక్కుతుంది. ఊళ్లో అందరి ముందూ ఓడిపోయి, మట్టి దులుపుకుని, గెలిచినవాడి చెయ్యి కలిపి, మర్నాడు పొద్దున్నే మళ్లీ మైదానానికి వచ్చిన పిల్లకో పిల్లాడికో కాలేజీలో మొదటి పరీక్ష పోతే లోకం ముగిసిపోయినట్టు అనిపించదు.

ఈసారి కదిరి తేరు చూడ్డానికో, బట్రేపల్లి నీళ్లు చూడ్డానికో అటు వెళ్తే, సాయంత్రం బడి వదిలే వేళకు ఏదో ఒక ఊళ్లో ఆగండి. గుట్టల మీద పొద్దు వాలుతున్నా మైదానంలో పిల్లలు ఆడుతూ కనిపిస్తే, 'చదువుకోక ఏమిటీ ఆటలు' అనకండి. వాళ్లు చదువుకుంటున్నారు!