వెంపలి వేరు, జీలుగు కాండము

గోదావరి జిల్లా అనగానే చాలామంది కాలువలు, వరిచేలు తలచుకొంటారు. మా జంగారెడ్డిగూడెం అటువంటిది కాదు. 2022లో ఏలూరు జిల్లాలో చేరినప్పటికీ మా నోట ఇంకా పశ్చిమ గోదావరే వస్తుంది గాని, మాది ఆనాడూ ఈనాడూ మెట్టే. ఎర్ర ఇసుక నేల. పొగాకు, జీడిమామిడి, పామాయిల్ తోటలు. వాన వెలిసిన రెండు రోజులకే మట్టి పొడిబారుతుంది. డెల్టా నుండి వచ్చే మా చుట్టాలు కాలి బొటనవేలితో నేల గీకి, "ఇందులో ఏం పండుతుందండీ?" అని అడుగుతారు.

ఈ ఏడు ఆ ప్రశ్న మా ఇంట్లోనే లేచింది. మాకున్న రెండెకరాల్లో మినుము వేయాలనుకొన్నాము. గట్టు పొడుగునా వెంపలి మొక్కలు దట్టంగా ఉన్నవి. కలుపుమందు కొట్టి శుభ్రం చేద్దామని మా అబ్బాయి, వద్దని మా అమ్మగారు. వెంపలి ఉన్నచోట మట్టికి బలమని ఆమె మాట. ఎరువుల ఖర్చు చూస్తే ఎవరి మాట నిజమో తేల్చుకోక తప్పదనిపించింది.

మొక్కనొకదాన్ని తడినేలలో వేళ్లతో సహా తీశాము. వేళ్లకు ఆవగింజలంత బుడిపెలు. గోటితో గిల్లితే ఊడివచ్చినవి, చిదిమితే లోపల ఎరుపు. మా ప్రాంతపు రైతులు ఇక్కడ జాగ్రత్తపడాలి. పొగాకు, వంగ వేళ్లకు నులిపురుగు వల్ల వచ్చే కణుతులు వేరు. అవి వేరే ఉబ్బి ఏర్పడినవి, ఊడిరావు. వెంపలి బుడిపె మాత్రం సూక్ష్మజీవుల కాపురము. అవి గాలిలోని నత్రజనిని మొక్కకు ఆహారంగా మార్చి ఇస్తాయి, మొక్క వాటికి తీపి పదార్థము పెడుతుంది. ఈ సంగతిని 1886లో జర్మనీలో హెల్రీగెల్ బయటపెట్టగా, 1888లో హాలెండులో బైయరింక్ ఆ జీవిని వేరుచేసి పెంచి చూపించాడు.

అయితే అన్ని నేలల్లో ఒకే జీవి ఉండదు. రాజస్థాన్ థార్ ఎడారిలోని క్షార నేలల్లో చిక్కుడు కుటుంబపు అడవి మొక్కల వేళ్లలో ఎన్సిఫర్ అనే జాతి విస్తారంగా దొరికింది. ఆమ్లగుణం వైపు మొగ్గే నేలల్లో నిదానంగా పెరిగే బ్రాడీరైజోబియం జాతిది పైచేయి. మొక్క పిలిచినా, వచ్చేది ఆ మట్టిలో బ్రతకగలిగినదే. 40 డిగ్రీలు దాటే మా వేసవిలో బీడు నేల పైపొరలో వీటి సంఖ్య బాగా పడిపోతుంది. నీడ, చెత్త కప్పు, బ్రతికివున్న వేరు ఉన్నచోట కొన్ని నిలుస్తాయి.

ఇక డెల్టాకు వెళ్లండి. అక్కడ కరువు నీటిది కాదు, వేళ్లకు గాలిది. నిండా నీళ్లున్న మడిలో వేరు బుడిపెలకు ఊపిరాడదు. అందుకే గుంటల్లో పెరిగే నీరు జీలుగు, అదే బెండు చేసే మొక్క, కాండము మీదే బుడిపెలు పెట్టుకొంటుంది. అందులో కాపురమున్న జీవుల్లో కొన్ని ఆకువలె వెలుతురును కూడ వాడుకొంటాయి! సెనెగల్ దేశపు పచ్చిరొట్ట జీలుగుదీ ఇదే ఉపాయము. (మన్యంలో జీలుగు అంటే కల్లు చెట్టు. మన పత్రికలో దాని ఊసు వద్దు గాని, ఆ కల్లును పొంగించేదీ గాలిలోను, చెట్టు మీదను ఉండే సూక్ష్మజీవులే.)

ఆకుల మీద కూడ ఇంతే. వాన తెరిపి లేని జావాలో 1950లలో రూయినెన్ అనే శాస్త్రజ్ఞురాలు ఆకుల పైన నత్రజని పట్టే జీవులను కనుగొన్నది. మండుటెండ తగిలే ఆకుమీద గులాబిరంగు జీవులు కనిపిస్తాయి. ఆ రంగే వాటికి గొడుగు.

మా మినుముకూ వెంపలికీ పనికివచ్చే జీవులు చాలావరకు ఒకే కోవకు చెందినవి. ఈ మాట తెలిసిన తరువాత అబ్బాయి కలుపుమందు డబ్బా తీయలేదు. కొడవలితో పైన మాత్రం కోసి, ఆ రొట్ట సాళ్ల మధ్య పరచినాడు. అయినా అమ్మగారి మాట మీదనే భారం వేయక, రైజోబియం పొట్లం తెచ్చి, బెల్లపు నీళ్లతో విత్తనానికి పట్టించి నీడను ఆరబెట్టాడు. ఎండలో పెడితే జీవి చస్తుంది, అంగడిలో వేడి గదిలో ఉంచిన పొట్లమూ అంతే. ఒక పక్క నాలుగు సాళ్లకు మాత్రం పొట్లం కలపని విత్తనమే వేశాము. నెలకు రెండు వైపులా మొక్కలు పీకి, బుడిపెలు కోసి, ఎక్కడ ఎరుపు ఎక్కువో చూడాలి. అమ్మగారు ఇప్పటినుండే రోజులు లెక్కపెడుతున్నారు.