ఐదో కాంటూరు

పేపర్లో కొల్లేరు పేరు కనబడినప్పుడల్లా మాకు ఒక పాత బల్ల, దాని చుట్టూ వేసిన కుర్చీలు గుర్తుకొస్తాయి.

2006లో మేము ఏలూరులో బి.ఏ. చదివేవాళ్ళం. జాగ్రఫీ తీసుకున్నది ఏడుగురమే. "ఏడుగురికి స్టేజీ మీద నుంచి పాఠం ఎందుకయ్యా?" అని మాస్టారు కుర్చీ తెచ్చుకుని మా మధ్య కూర్చున్నారు. ఏడాదంతా అలాగే సాగింది. నోట్సు చెప్పేవారు కాదు. వారానికి ఒక ప్రశ్న వేసి ఊరుకునేవారు, మేమే మాట్లాడాలి. నిజం చెప్పాలంటే మొదట్లో మాకది నచ్చలేదు. పరీక్షలో ఏం రాస్తామని గొణుక్కునేవాళ్ళం. పెద్ద క్లాసులో అయితే వెనక బెంచీలో దాక్కోవచ్చు, ఏడుగురిలో ఎక్కడ దాక్కుంటాం?

ఆ సంవత్సరమే కొల్లేరులో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. సముద్రమట్టానికి ఐదడుగుల ఎత్తు గీత లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను 1999లోనే ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది. ఆ గీతనే మా వైపు ఐదో కాంటూరు అంటారు. (దాన్ని మూడుకు దించమని 2008లో శాసనసభ తీర్మానం చేసింది, ఆ గొడవ వేరే.) చెరువులు మాత్రం ఏళ్ళ తరబడి అలాగే ఉన్నాయి. చివరికి ప్రొక్లెయిన్లు దిగాయి.

ఆ వారం మాస్టారు వేసిన ప్రశ్న రెండే మాటలు: "కొల్లేరు ఎవరిది?"

మేము రెచ్చిపోయాం. బుడమేరు, తమ్మిలేరు నీళ్ళు తెచ్చి పోస్తాయి, వాటిని సముద్రానికి చేర్చడానికి ఉప్పుటేరు ఒక్కటే దారి, మధ్యలో గట్లు పోస్తే నీళ్ళు ఎక్కడికి పోతాయి అన్నాం. మాలో ఒకడిది పై ఊరు. వాళ్ళ వరిచేలు రోజుల తరబడి నీళ్ళలో ఉండి కుళ్ళిపోయాయి. వాడు కోపంగా, "సరస్సును ఆక్రమించుకున్న దొంగలు" అన్నాడు. మేమంతా తలలూపాం.

అంతా కాదు, ఆరుగురమే. ఏడోవాడు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నాడు. వాడిది కొల్లేటి లంక ఊరని మాకు తెలుసు. తెలిసే అన్నామా, మరిచిపోయి అన్నామా అన్నది ఇప్పటికీ మాకే తేలలేదు.

మర్నాటి నుంచి వాడు రాలేదు. వారం గడిచింది. ఎవరో కుర్చీ పక్కకి జరపబోతే మాస్టారు, "దాన్ని అక్కడే ఉంచండి" అన్నారు. ఇంకేమీ అనలేదు. ఆ ఆదివారం ఆరుగురం బస్సెక్కి, ఆపైన పడవ మీద వాళ్ళ ఊరు వెళ్ళాం. తెగిన గట్ల మధ్యనుంచే వెళ్ళింది పడవ. ఎవ్వరం మాట్లాడలేదు.

వాళ్ళ నాన్నగారు నులక మంచం వాల్చి కూర్చోబెట్టారు. "చదువుకునే పిల్లలు, మీరే చెప్పండి బాబూ. మా నాన్న రోజుల్లో సొసైటీ పెట్టించి ఇక్కడ చెరువులో వాటా ఇచ్చింది గవర్నమెంటే. మేత కొనే స్తోమత లేక లీజుకిచ్చాం. లీజు తీసుకున్న ఆసామి గీత అవతల ఇంకో చెరువు తవ్వించుకున్నాడు. మేమెక్కడికి పోతాం?" కాసేపు ఆగి ఆయనే మళ్ళీ, "పై ఊళ్ళ చేలు మునిగిన మాటా అబద్ధం కాదులే. మా గట్లూ అడ్డమే" అన్నారు. పై ఊరివాడు తల ఎత్తలేదు.

పిన్నిగారు కొర్రమీను పులుసుతో అన్నం పెట్టారు. చేతులు కడుక్కునే చోట మేము మెల్లగా, "తప్పయిందిరా, కాలేజీకి రా" అన్నాం. వాడు నవ్వాడు. "మీ మాటకి కోపం రాలేదని కాదు. కానీ నేను రాంది అందుకు కాదురా. లీజు డబ్బులతోనే నా ఫీజు కట్టేవాళ్ళు." మేము పడవలో దాచుకొచ్చిన క్షమాపణ అంతా ఆ ఒక్క మాట ముందు చాలా చిన్నదైపోయింది. వాడి కష్టమంతా మా మాట వల్లే అనుకుని వెళ్ళాం మరి!

ఫీజు ఎలా కట్టామన్నది ఇక్కడ రాయం. వాడు వచ్చాడు. మాస్టారు సర్వే ఆఫ్ ఇండియా షీటు బల్ల మీద పరిచి, ఐదో కాంటూరు చూపించమన్నారు. ఎంత వెతికినా దొరకలేదు. ఆ షీటులో ఒక ఎత్తు గీతకీ ఇంకో దానికీ మధ్య తేడా ఇరవై మీటర్లు. ఐదడుగులంటే మీటరున్నర. ఇన్ని ఇళ్ళలో పొయ్యి వెలగాలో వద్దో తేల్చిన గీత మా ముందున్న మ్యాపులోనే లేదు. వారం కిందట ఆ మ్యాపు ముందే కూర్చుని ఎంత ధీమాగా మాట్లాడామో!

అప్పుడు వాడు పెన్సిల్ తీసుకున్నాడు. వానాకాలం నీళ్ళు ఇక్కడిదాకా వస్తాయని ఒక గీత, ఎండాకాలం ఇక్కడికి తగ్గుతాయని ఇంకొకటి గీశాడు. మొదటి గీత వాళ్ళ ఊరి మీదనుంచే పోయింది.

మాస్టారు మళ్ళీ అదే ప్రశ్న వేశారు. చాలాసేపు ఎవరూ నోరు తెరవలేదు. చివరికి పై ఊరివాడు కుర్చీ దగ్గరికి లాక్కుని, "మీ చెరువు లోతెంతుండేదిరా?" అని అడిగాడు.